ఉల్లి వేళ్లు, స్లైడ్ల డబ్బా

"మైటాసిస్ ప్రాక్టికల్‌కి ఉల్లిపాయలెందుకు సార్? పర్మనెంట్ స్లైడ్ల కొత్త డబ్బా వచ్చిందిగా" అన్నాడు ఈ వారం మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు. ఒళ్లు మండింది. ప్రాక్టికల్ అంటే ముందు మేష్టారి చేతులు తడవాలని ఈ కాలమ్‌లో ఎప్పట్నించి మొత్తుకుంటున్నానో మీకు తెలుసు.

ఉల్లిపాయ పని నాకు నేర్పింది ప్రొఫెసర్లు కాదు, మా పాత అటెండరు. రైతుబజారులో చిన్న పాయలు ఏరుకొచ్చేవాడు. అడుగున ఎండిన పాత వేళ్లు బ్లేడుతో గీకేసి, నీళ్లు తగిలీ తగలనట్టు సీసా మూతి మీద కూర్చోబెట్టేవాడు. రోజూ నీళ్లు మార్చాలి, లేదంటే కుళ్లు కంపు. తెల్లటి వేళ్లు రెండు సెంటీమీటర్లు దిగాక, పొద్దున్నే కొసలు కోసి, మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ కలిపి అందులో ఒక రోజు ఉంచాలి. "మధ్యాహ్నం కోస్తే కణాలు కునుకు తీస్తాయి సార్" అనేవాడు. క్లాసునాడు ఎసిటోకార్మైన్‌లో చుక్క హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టాలి. మరిగించకూడదు. ముదురు ఎరుపెక్కిన మిల్లీమీటరు కొస ఉంచి మిగతాది పారేసి, కవర్‌స్లిప్ వేసి, బ్లాటింగ్ పేపరు మడతలో పెట్టి బొటనవేలితో నిటారుగా ఒక్క నొక్కు. వేలు పక్కకు జరిగిందా, కణాలన్నీ చుట్టలు చుట్టుకుపోతాయి.

ఇంతా చేస్తే పిల్లలకు కనిపించేవి గుండ్రటి కేంద్రకాలే. ఎక్కువ కణాలు ఇంటర్‌ఫేజ్‌లోనే ఉంటాయి మరి. వాళ్లేమో టెక్స్ట్‌బుక్ బొమ్మ చూసి రికార్డులో మెటాఫేజ్ దించేస్తారు. రికార్డుల మీద నా కోపం మళ్లీ మొదలెట్టనులెండి.

ఇది రాస్తుంటేనే అటెండరు చేసే ఇంకో పని గుర్తొచ్చింది. కిటికీ పక్క మైక్రోస్కోపు కింద, కొన్న స్లైడొకటి ఫోకస్ చేసి పెట్టేవాడు. మైక్రోటోమ్‌తో నిలువుగా కోసిన వేరు అది. వేరు తొడుగు ఎక్కడుందో, దాని వెనక విభజన ఎక్కడ జోరుగా ఉందో వరసగా తెలిసేది. ఉల్లి క్రోమోజోములు 16 అని లెక్కపెట్టడానికి మాత్రం అది పనికిరాదు. కత్తి కణాల్నీ కోసేస్తుంది, క్రోమోజోములు విడివిడిగా పరుచుకోవు. అందుకు బొటనవేలే గతి. కానీ ఆ కిటికీ దగ్గర ఒకసారి చూసొచ్చిన పిల్లలే తమ స్లైడులో అనాఫేజ్ పట్టుకునేవారు. మిగతావాళ్లు దాని మీంచే దాటిపోయేవారు.

అంచేత కుర్రాడి డబ్బాకే మొదటి పావుగంట. ప్రాక్టికల్ గురువారం. పాయలు ఆదివారమే నీళ్ల మీదికెక్కాలి, వేళ్లు బుధవారం పొద్దున్నే కొయ్యాలి. రైతుబజారుకు మాత్రం అతన్నే పంపుతున్నాను.