కూనవరం డోలి

హెవీ మెటల్ ఇష్టంగా వినేవాళ్ళలో చాలామందికి గిటారిస్టు టోనీ అయోమి వేళ్ళ సంగతి తెలుసు. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో పని మానేయాల్సిన చివరి రోజున యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అతికించాడు. వేళ్ళకు భారం తగ్గాలని సన్నతీగలు కట్టాడు, కొన్నాళ్ళకు శ్రుతే కిందికి దించాడు. 1970 ఫిబ్రవరిలో వచ్చిన అతని బృందం బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ వింటున్నప్పుడల్లా ఆ కుర్రాడి పట్టుదల గుర్తొచ్చి నా ఒళ్ళు జలదరిస్తుంది.

మరి మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలి ఎలా పట్టాడో ఇంత వివరంగా చెప్పగలిగేవాళ్ళు ఖమ్మంలో ఎందరుంటారు?

శబరి గోదావరిలో కలిసేచోటి కూనవరం కాదు ఆయనది, బొగ్గు బావుల మణుగూరు మండలంలోని కూనవరం. బడికి వెళ్ళలేదు. డోలు వాయిస్తూ వేల్పుల కథలు పాడే డోలి విద్య ఆయనకు పెద్దల నుంచి వచ్చింది. కంచుమేళం, కంచుతాళం మోగుతుండగా సమ్మక్క సారలమ్మల పుట్టుక, పగిడిద్దరాజు, గరికామారాజు కథలు కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ‘నిరక్షరాస్య కళాకారుడు’ అని రాసిన వార్తలు చదివి నాకు మనసు చివుక్కుమంది.

డోలి విద్య ఎంత పెద్దదో కాస్త ఆలోచించండి. కోయల్లో గట్లనే గోత్రాలుంటాయి, గట్టుగట్టుకూ వేల్పులుంటారు, ఆ వేల్పులకు పుట్టుకలూ పోరాటాలూ ప్రయాణాలూ ఉంటాయి. ఏ ఇంటివాళ్ళ ముందు నిలబడితే వాళ్ళ కథే ఎత్తుకోవాలి. ఇలవేల్పు కొలుపులో పేర్ల వరస తప్పితే ఎదురుగా కూర్చున్న ముసలివాళ్ళు ఊరుకోరు. గుడ్డమీద బొమ్మలు కుట్టిన పడిగెలుంటాయి. వాటి వరస చూసి వంశాల చరిత్ర విప్పేది ఈ విద్య తెలిసిన డోలీలే. ఇదంతా కాగితం తోడు లేకుండా, డోలు మోత మధ్య, రాత్రి పొడుగునా. ఇంత చరిత్రను కంఠంలో నిలుపుకున్న మనిషిని పండితుడనే అంటాను నేను.

బ్రెజిల్ మెటల్ బృందం సెపుల్తురా 1996 నాటి ‘రూట్స్’ ఆల్బమ్ కోసం షవాంతె ఆదివాసుల ఊరికి వెళ్ళి, వాళ్ళతో కలిసి పాడి రికార్డు చేసుకుంది. గిటార్లు మోగించే మన కుర్రాళ్ళకు అంత దూరం అక్కర్లేదు. ఖమ్మంలో బస్సెక్కితే పూట తిరక్కుండా మణుగూరు.

రామచంద్రయ్య 2024 జూన్ 23న వెళ్ళిపోయాడు. పద్మశ్రీ తర్వాత ఆయనకు మిగిలింది రెండేళ్ళ చిల్లర, అదీ అనారోగ్యంతో. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు లాంటివాళ్ళు పూనుకోబట్టి డోలీల నోట ఉన్న సమ్మక్క కథ పుస్తకంగానైనా నిలిచింది. ఆ పనికి ఎంత దండం పెట్టినా తక్కువే. అయితే కథ దొరికినంత మాత్రాన కథ నేర్చిన తీరు దొరకదు. డోలి పాటను రికార్డు చేసుకునేవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. పాట అయ్యాక వాళ్ళు ఇంకో గంట కూర్చోవాలి. దెబ్బ తప్పినప్పుడు ఎవరు సరిదిద్దారు తాతా, మొదట ఏ కథ నోటికొచ్చింది, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఒంటరిగా ఎవరింట పాడావు, ఆ రోజు ఏం పెట్టి పంపారు, కొడుకు నేర్చుకుంటానన్నాడా అని అడగాలి. ఇప్పుడున్న డోలి పెద్దలు ఉండగానే అడగాలి. వచ్చే మేడారం జాతర దాకా ఆగొద్దు.