డాలరు గుర్తు డ అయ్యే చోట

పిడుగురాళ్ల అన్న పేరుకు బ్రెయిల్‌లో పదకొండు గడులు పడతాయి. ముప్పై ఏళ్ల నాటి బ్రెయిల్ ప్రింటరు ఆ పేరు కొట్టాలంటే కంప్యూటరు దానికి పంపవలసింది తెలుగు అక్షరాలు కాదు. ఇంగ్లీషు పి, ఐ, ఆ వెనక డాలరు గుర్తు, యు, జి, యు, ఆర్, లెక్కల్లో ‘కంటే ఎక్కువ’ అని రాసే గుర్తు, ఈమెయిల్ చిరునామాల్లో ఉండే యాట్, అండర్‌స్కోర్, చివర ఎల్. తెర మీద చూస్తే ఎవరో పిల్లాడు కీబోర్డు మీద చేతులు ఆడించినట్టుంటుంది. కాగితం మీద వేలు పెట్టి చదివేవారికి మాత్రం అక్కడ ఊరి పేరు ఒక్క చుక్క పొల్లుపోకుండా ఉంటుంది.

బ్రెయిల్ గడికి చుక్కలు ఆరే. ఖాళీ గడితో కలిపి వాటికి 64 రూపాలు. కంప్యూటరు గుర్తుల వరసలో 32 నుంచి 95 వరకు లెక్కపెట్టినా 64. ఈ రెంటినీ జతచేసిన పట్టికను పాత ప్రింటర్లు నమ్ముకున్నాయి. అందులో 1, 2, 4, 6 చుక్కల గడి డాలరు గుర్తు వాటాకు వచ్చింది. మన దేశభాషలన్నిటికీ కలిపి 1951లో ఖాయమైన భారతి బ్రెయిల్‌లో అదే గడి డ. ‘ళ్ల’ రాసేటప్పుడు మనం ఒత్తు కింద పెడతాం. బ్రెయిల్‌లో కిందికి జాగా లేదు, అందుకని పొల్లు గుర్తైన నాలుగో చుక్క ముందుగా వచ్చి, వెనక వస్తున్న ళకు అచ్చు లేదని చెప్పేస్తుంది. ఆ నాలుగో చుక్కే యాట్ గుర్తు. ప్రింటరుకు ఇదంతా అక్కర్లేదు. దానికి ఏ భాషా రాదు, వచ్చినవల్లా చుక్కలే. ఏ భాషా రాదు గనకే అది తెలుగు కొట్టగలుగుతోంది. ఆ పాత తయారీదారుల పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ అతి తెలివి లేకపోవడమే.

స్వీడన్‌లో 1982లో మొదలైన ఇండెక్స్ కంపెనీ యంత్రాలు, అమెరికాలోని ఫ్లోరిడా నుంచి వచ్చిన రోమియోలు, జూలియట్లు ఈ తరహావి. రోమియో కాగితానికి ఒకవైపే కొడుతుంది, జూలియట్ రెండువైపులా. పేర్లు పెట్టినవాళ్ల చమత్కారం మెచ్చుకోదగ్గదే. మూత తీస్తే కరెంటు తగలగానే ముందుకు దూకే సొలినాయిడ్లు, వాటి కొసన సూదులు కనిపిస్తాయి. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు. చుక్కకూ చుక్కకూ ఎడం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. సిరా లేదు, ఎండిపోయే కార్ట్రిడ్జి లేదు. అందుకే చాలాచోట్ల మూలన పడి ఉన్న ప్రింటరు చెడిపోయింది కాదు, మాట్లాడే తోడు లేక మూగబోయింది. పిడుగురాళ్ల లాంటి సున్నపు బట్టీల ఊళ్లో అయితే మిగతా పనికి ముందు తుడుపు పని పెట్టుకోవాలి. కాగితం జాడ వెలుతురుతో కనిపెట్టే సెన్సరు మీద తెల్లదుమ్ము పేరుకుంటే అది ఉన్నదాన్ని లేదంటుంది, లేనిదాన్ని ఉందంటుంది.

అసలు నేర్పు కేబుల్ దగ్గర తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు ఉన్నది యూఎస్‌బీ, పాత ప్రింటరుకు ఉన్నది 25 పిన్నుల సీరియల్ పోర్టు. కన్వర్టరు కొంటే చాలంటారు షాపువాళ్లు. అందులో సగమే నిజం. కన్వర్టరులోని చిప్పుల్లో నకళ్లు ఎక్కువ, వాటిని గుర్తుపట్టి పనిచేయనని మొరాయించే విండోస్ డ్రైవర్లూ ఉన్నాయి. మంచి చిప్పు దొరికాక వేగం 9600, బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1 అని రెండు వైపులా ఒకే లెక్క పెట్టాలి. ప్రింటరు టకటకా మొదలుపెడుతుంది. చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు.

అవలేదు. 9600 వేగమంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు. బ్రెయిల్ పేజీలో 40 గడుల వరసలు 25, అంటే వెయ్యి గడులు. కంప్యూటరు ఒక పేజీని సెకనులో పంపేసి చేతులు దులుపుకుంటుంది. సెకనుకు 20 గడులు కొట్టే ప్రింటరుకు అదే పేజీ 50 సెకన్ల పని. బట్టీ నిండిపోయినా లారీలు రాయి దించుతూనే ఉన్నట్టు, లోపలి మెమరీ నిండాక వచ్చిన అక్షరాలు పక్కన ఒలికిపోతాయి. నిండగానే ఆగమని చెప్పడానికి ప్రింటరు ఒక తీగ మీద వోల్టేజి మారుస్తుంది. చౌక కేబుల్లో ఉండేవి మూడే తీగలు: పంపడానికొకటి, అందుకోవడానికొకటి, గ్రౌండు. ఆ ఆగమనే తీగ ఉండదు. మొదటి పేజీ బ్రహ్మాండంగా వస్తుంది, ఆ తర్వాత పేరాలు మాయమవుతాయి. చూపున్నవాళ్లు వరసగా లేచిన చుక్కలు చూసి మురిసిపోతారు. మధ్యలో కథ తెగిపోయిందని చదివేవారికే తెలుస్తుంది.

పని తెలిసినవారు మాన్యువల్ చూసి, చాలా ప్రింటర్ల విషయంలో ప్రింటరువైపు 20వ పిన్ను నుంచి కంప్యూటరువైపు 8వ పిన్నుకు నాలుగో తీగ వేసి టంకం పెడతారు, కంప్యూటరులో హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ ఆన్ చేస్తారు. జానెడు తీగ, చిటికెడు సీసం. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా అందమైన పని లేదు.

ఆ తర్వాతది కంప్యూటరు చేత అనవసరపు సేవలు మాన్పించడం. విండోస్‌లో జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే డ్రైవరు ఉంది. అది అక్షరాన్ని బొమ్మగా మార్చదు, ఉన్నదున్నట్టు పంపుతుంది. అయినా నోట్‌ప్యాడ్ నుంచి ప్రింట్ కొడితే పైన ఫైలు పేరు, కింద పేజీ నంబరు తగిలిస్తుంది. ఫైలును ముట్టుకోకుండా నేరుగా పోర్టుకు కాపీ చేసేవారిదే సరైన పద్ధతి. వరసకూ వరసకూ మధ్య ఖాళీ వరస వస్తోందా, కంప్యూటరు పంపిన లైన్‌ఫీడుకు ప్రింటరు తనదొకటి కలుపుతోందన్నమాట. ప్రింటరు సెట్టింగుల్లో దాన్ని ఆపేస్తే సరి.

తెలుగును చుక్కలుగా మార్చే పనికి లిబ్‌లూయీ ఉంది. ఉచితంగా దొరికే ఈ అనువాద సాఫ్ట్‌వేరును మొదలుపెట్టింది చూపూ వినికిడీ రెండూ లేని జాన్ బోయర్. అందులో తెలుగు పట్టిక ఉంది. అయితే దానికి యూనికోడ్ తెలుగే అర్థమవుతుంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిన పాఠాలు, ప్రశ్నపత్రాలు కంటికి తెలుగు, కంప్యూటరుకు మాత్రం వేరే గుర్తుల గుట్ట. వాటిని ముందు యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు సరిచూసి, అప్పుడు పంపాలి. విసుగు పని. ఇది ఎగ్గొట్టినవారి పుస్తకం మొదటి వరసలోనే దొరికిపోతుంది.

చివరి పరీక్ష వేలిది. భారతి బ్రెయిల్‌లో ఢకు ఆరు చుక్కలూ లేస్తాయి. అందుకని వరస నిండా ఢ కొట్టిస్తే ఏ సూది బద్ధకిస్తోందో బయటపడుతుంది. మూడో చుక్క సూది బిగుసుకుంటే ‘కల’ కాస్తా ‘అబ’ అవుతుంది, ‘రామ’ ‘హభచ’ అవుతుంది. సగం లేచిన చుక్క కంటికి మామూలుగానే కనబడుతుంది, చదవడం అలవాటైన వేలు దాన్ని వదలదు. కాబట్టి ఈ రిపేరులో బ్రెయిల్ చదివే మనిషి పక్కన కూర్చోవాలి, ఆ మనిషి సరేననేదాకా స్క్రూడ్రైవరు కింద పెట్టకూడదు.

మంచి పనివారు వెళ్లేముందు ఇంకొకటి చేస్తారు. వేగం, బిట్లు, పారిటీ, నాలుగో తీగ ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకో, అన్నీ ఒక చీటీలో వేసి ప్రింటరు వెనక అంటిస్తారు. చీటీ ఆ ప్రింటరు మీదే కొట్టిన బ్రెయిల్‌లో ఉంటుంది, పక్కనే మామూలు తెలుగులోనూ ఉంటుంది. కంప్యూటరు మారిన రోజున ప్రింటరు వాడేవారు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆ అంకెలు తామే చదివి చెప్పగలుగుతారు.