ఇరవయ్యారో తారీఖు

బైబిల్లో సామెతల గ్రంథానికి 31 అధ్యాయాలు. నెలకూ అటూ ఇటూగా అన్నే రోజులు. ఆ రోజు తారీఖు ఎంతైతే ఆ అధ్యాయం చదవడం మా ఇంట్లో అలవాటు. కేలండరు ఉంటే చాలు, గుర్తుకోసం మట్టలాదివారం నాటి ఆకు పెట్టుకునే పని కూడా లేదు. గుత్తి దగ్గర లండన్ మిషన్ బడిలో అక్షరాలు దిద్దిన మా అవ్వ మొదలుపెట్టింది, నాకు నలభయ్యేళ్ళుగా నడుస్తోంది. ఇందులో ఒక చిక్కుంది. గుణవతి అయిన ఇల్లాలిని మెచ్చుకునే 31వ అధ్యాయం ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. సోమరుల్ని తిట్టే 6వది మాత్రం పన్నెండుసార్లూ వస్తుంది. మా ఆవిడ ఈ లెక్క ఎప్పుడో కట్టింది.

నన్ను ఇబ్బంది పెట్టింది 26వ అధ్యాయం. మూర్ఖుడికి వాడి దారిలో బదులియ్యొద్దు అంటుంది నాలుగో వచనం. ఊపిరి తీసుకునే లోపలే ఐదో వచనం వచ్చి, ఇయ్యి అంటుంది. ఇంటర్ చదివే రోజుల్లో ఇది నా కంటపడింది. దేవుడి పుస్తకంలో తప్పు పట్టుకున్నానన్న సంబరంతో ఊళ్ళో పాస్టరు అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గుడి వాకిట్లో సైకిలు బోర్లించి, చైనుకు కిరసనాయిలు పూస్తున్నారు. నేను చెప్పిందంతా విని, చెయ్యి ఆపకుండానే అడిగారు:

"ఎవుర్రా ఆ మూర్ఖుడు?"

"ఎవుడైనా అయ్యగారూ."

"ఎవుడైనా అంటే ఎవుడూ లేడనే. యాడ కలిసినాడు, నలుగురిలోనా, ఒంటిగానా? తాగినాడా? నీకేమైతాడు? అది చెప్పు, ఆ రెండిట్లో ఏదో నేను చెప్తా."

తప్పించుకున్నాడనుకున్నాను. సైకిలు చైను మీద ఉన్న శ్రద్ధ వాక్యం మీద లేదని ఇంటికొచ్చి చెప్పాను కూడా.

ఈ తగువు నాతో మొదలు కాలేదని చాలా ఏళ్ళకు తెలిసింది. యూదుల తల్మూదులో, షబ్బాతు అనే భాగంలో, దీనిమీద చర్చే ఉంది. మాటలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని పూర్వపు పండితులు ఈ పుస్తకాన్ని పక్కన దాచేద్దామనుకున్నారట. తర్వాత సర్దుకున్నారు: ధర్మశాస్త్రం విషయమైతే బదులియ్యి, లోకవ్యవహారమైతే ఊరుకో అని. పెద్దవాళ్ళు చెప్పిన మాటే, కాదనను. కానీ అది నాకు రెవెన్యూవాళ్ళు ఫైళ్ళు పంచుకున్నట్టు అనిపిస్తుంది. మనిషి ఎదురుగా నిలబడి అరుస్తుంటే, ఇది ఏ శాఖ కిందికి వస్తుందో చూసుకోమన్నట్టు.

ఇవి యూదా రాజు హిజ్కియా మనుషులు ఎత్తి రాసిన సామెతలని 25వ అధ్యాయం మొదట్లోనే ఉంది. అంటే క్రీస్తుకు ఏడు వందల ఏళ్ళు ముందటి మాట. ఈ జోడూ ఆ భాగంలోదే. రెంటినీ పక్కపక్కన పెట్టినవాళ్ళకు కళ్ళు లేవనుకోవడం మన పొగరు. పైగా రెండు వచనాల తోకలు వేరు. బదులిస్తే నువ్వూ వాడిలా తయారవుతావని మొదటిదాని భయం. బదులియ్యకపోతే వాడు తన కంటికి తానే జ్ఞాని అయిపోతాడని రెండోదాని భయం. ఒకటి నన్ను కాపాడేది, ఇంకొకటి వాణ్ణి. తనే జ్ఞాననుకునేవాడి కంటే మూర్ఖుడే నయమని అదే అధ్యాయం పన్నెండో వచనంలో అంటుంది కాబట్టి రెండో భయమూ చిన్నదేం కాదు. బదులిచ్చినా ఖర్చే, ఊరుకున్నా ఖర్చే. ఈపూట ఎవరి నష్టం పెద్దదో చూసుకోవాలి. అయ్యగారు అడిగింది అదేనని నాకు తట్టేసరికి ఆయన లేరు.

అసలు తెలుగువాడికి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆ పుస్తకానికి మన బైబిల్లో పెట్టిన పేరే సామెతలు. ఆ పేరు చూశాక ఏం ఎదురుచూడాలో మనకు తెలియాలి. నిదానమే ప్రధానం అన్న నోటితోనే ఆలస్యం అమృతం విషం అంటాం. నోరు మంచిదైతే ఊరు మంచిది అని పిల్లలకు చెప్పి, వాళ్ళు బళ్ళో దెబ్బలు తిని వస్తే మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటాం. ఇంతవరకు ఏ రచ్చబండ దగ్గరా వీటికి సమన్వయం చెప్పమని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. పుస్తకంలోకి ఎక్కాకే చిక్కు. కేప్టెన్ కార్ అనే దొర 1868లో ఆంధ్ర లోకోక్తి చంద్రిక అని తెలుగు సామెతలు అచ్చువేయించాడు. మంచి పనే, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ అట్లాంటి పుస్తకంలో సామెత ఉంటుంది, అన్న నోరు ఉండదు. ఎవరు ఎవరితో ఏ పొద్దున అన్నారో రాలిపోతుంది.

మా నాయన మా మామకు బోరు అప్పుకు జామీను సంతకం పెట్టాడు. జామీను పడొద్దని ఆరో అధ్యాయం వణికించి చెబుతుంది: వేటగాడి చేతికి చిక్కిన జింకవి, కన్ను మూయకుండా పోయి విడిపించుకో అని. మామ చేనిలో మూడు పాయింట్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. మా కాడెద్దులు అమ్మి ఆ అప్పు కట్టాం. అప్పటికి కొత్తగా ఇంగ్లీషు వ్యాఖ్యానాలు చదువుతున్న నేను, వాక్యం ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు పెట్టావని నాయన్ను నిలదీశాను. మూడో అధ్యాయంలో ఇంకో మాటుంది, చేతిలో ఉండగా పొరుగువాణ్ణి రేపు రా అని పంపొద్దని. నాయన ఎద్దుల గాటిపాట ఊడుస్తూ అన్నాడు: "మీ మామ మూడో తారీఖు వచ్చినాడు రా. ఆరో తారీఖు వచ్చింటే పెట్టకపోదునేమో."

మా అమ్మ ఆ జోకుకు ఎప్పుడూ నవ్వలేదు. మామ కుటుంబం మాత్రం ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది.

ఆరో అధ్యాయంలోనే చీమ ఉంది. బయటినుంచి కూటాలకు వచ్చే ప్రసంగీకులకు ఆ చీమంటే మహా ఇష్టం. సోమరీ, చీమను చూసి బుద్ధి తెచ్చుకో, లేకపోతే దరిద్రం దోపిడిగాడిలా మీదపడుతుంది. ఇది విన్నప్పుడల్లా నా కళ్ళు బెంచీల వైపు పోతాయి. అక్కడ కూర్చున్నవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచినవాళ్ళు. పడమటి కనుమలు నైరుతిని అడ్డుకుంటాయి, బంగాళాఖాతం మేఘం మాదాకా వచ్చేసరికి సగం ఖాళీ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ వరసగా పడదు. శెనక్కాయ ఊడలు దిగే వేళకు ఇరవై రోజులు వాన ఎగ్గొడితే కాయలో గింజ ఉండదు. మా చేలల్లో చీమకూ ఏమీ దొరకని ఏళ్ళున్నాయి. పదమూడో తారీఖున అదే పుస్తకం వేరే సంగతి చెబుతుంది: బీదవాడు దున్నిన కొత్త నేల బాగానే పండుతుందట, అన్యాయం దాన్ని ఊడ్చుకుపోతుందట. అంటే దరిద్రమంతా సోమరితనం కాదని అదే పుస్తకం ఒప్పుకుంది. ఆ వచనం మీద ప్రసంగం నేను నా జన్మలో రెండుసార్లే విన్నాను.

మంచి మాటను తప్పు మనిషికి చెబితే ఏమవుతుందో యోబు గ్రంథం నిండా ఉంది. యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పినవన్నీ అబద్ధాలేం కావు. వాళ్ళ మాటలు చాలావరకు సామెతల్లో పెట్టుకోదగ్గవే. నీతిమంతుడు బాగుపడతాడు, దుష్టుడు చెడతాడు, నువ్వు చెడ్డావు, లెక్క చూసుకో. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ళ మీదే. మొదట ఏడు రోజులు నోరెత్తకుండా, బూడిదలో ఉన్న యోబు పక్కన నేలమీద కూర్చున్నారు, ఆ మాటమాత్రం మనం మరిచిపోతాం. అప్పుల్లో ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి పరామర్శకు పోయినప్పుడు, పోయినాయన బోర్లు వేయకుండా ఉండాల్సింది అని సన్నగా మొదలుపెట్టేవాళ్ళను చూశాను. ఒకసారి నేనే మొదలుపెట్టాను. ఆ ఇంటి ముసలామె నా ముందు చెంబుతో నీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

సామెతకు మూర్ఖుడి నోట్లో ఏ గతి పడుతుందో కూడా 26వ అధ్యాయమే చెబుతుంది, తాగుబోతు చేతిలో గుచ్చుకున్న ముల్లులాంటిదని. అదే అధ్యాయం మొదటి వచనంలో కోతకాలపు వానను తగనిదాని కింద లెక్కేశారు. చిన్నప్పుడు నాకు ఇది ఎక్కేది కాదు. వానకోసం మోకాళ్ళ మీద పడే ఊళ్ళో వాన తగకపోవడమేమిటి? తర్వాత ఒక అక్టోబరులో, శెనక్కాయ పెరికి వామి వేయకముందే, వరసగా నాలుగు రోజులు కురిసింది. కట్టె నల్లబడి కుళ్ళింది, కాయలు మొలకెత్తాయి. జూన్‌లో అదే వానకు మా నాయన చేలో చేతులెత్తి దండం పెట్టాడు.

ఆయన నేల పదును చూసే తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. వాన వెలిసిన మర్నాడు చెప్పులు గట్టున విడిచి చేలోకి దిగేవాడు. మడమతో నేల తవ్వి, వేలు పెట్టి తడి ఎంత దిగిందో కొలిచేవాడు. జానెడు దిగితే ఎర్రమట్టి గుప్పిట్లోకి తీసుకుని పిసికి ఉండ చేసి, బొటనవేలితో ఒక్క నొక్కు. వేలికి అంటుకుంటే ఇంకా తడి, ముద్ద కట్టకపోతే ఆరిపోయినట్టు. విరిగి రెండు చెక్కలైతే గొర్రు కట్టేవాడు. పక్క చేను వాళ్ళ పదును మన చేనికి పనికిరాదు, ఇసక పాలు వేరు అనేవాడు. కత్తికీ పదునే అంటాం, నేలకూ పదునే అంటాం. మాటకు ఏ పదును ఉండాలో ఎవరైనా నన్నడిగితే నేలదే చెబుతాను.

మొన్న ఇరవయ్యారో తారీఖు పొద్దున అధ్యాయం సగంలో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. రాత్రి వాన పడింది, ఇంకా మబ్బు ఉంది. "ఇత్తేద్దామా, ఇంగో వాన చూద్దామా అన్నా? అందురూ తలా ఒకటి చెప్తాండారు." గాలిని చూసేవాడు విత్తడు, మబ్బును చూసేవాడు కోయడు అన్న ప్రసంగి గ్రంథం మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పోయినేడు తొందరపడి వేసి విత్తనం పోగొట్టుకున్న సంగతీ వచ్చింది.

"తడి ఎంత దిగింది రా?" అన్నాను.

"ఉండు, చూసి చెప్తా."

ఫోను జేబులో వేసుకున్నట్టున్నాడు. చెప్పులు విడిచిన చప్పుడు, తర్వాత తడి నేలలో అడుగులు.