అపరాధ పరిశోధన కథ – దృశ్యరూపము: కథకుని స్థానము

కావ్యమును శ్రవ్యమనియు దృశ్యమనియు విభజించిన మన ఆలంకారికులు ఆ విభాగమును ప్రదర్శన సౌకర్యమును మాత్రమే చూచి చేయలేదు. శ్రవ్యమున కవి చెప్పినంతయే మనకు తెలియును. దృశ్యమున పాత్ర మన యెదుట నిలిచినంతనే, కవి చెప్పదలపనిదానిని గూడ కన్ను గ్రహించును. ఈ భేదము సామాన్యమైన కథలను అంతగా బాధింపదు. ఒక విషయమును దాచుటయే ప్రాణముగా గల కథయందు మాత్రము ఇది మూలమునకు సంబంధించిన ప్రశ్న యగును. అట్టి కథ అపరాధ పరిశోధన కథ.

ఇటువంటి కథలు టెలివిజనునకు ఎక్కినపుడు మన విమర్శకులు సాధారణముగా అడుగు ప్రశ్న యొకటి కలదు: మూలమునందలి సంఘటనలలో ఎన్ని నిలిచినవి, ఎన్ని మారినవి? ఈ లెక్క సులభము, ప్రయోజనము స్వల్పము. మూలమున కథ చెప్పినవాడు తెరమీద ఏమైనాడు అనునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యని నా అభిప్రాయము. మోతె, మునగాల, కోదాడ ప్రాంతములనుండి మా తరగతులకు వచ్చు విద్యార్థులలో పెక్కుమంది షెర్లాక్ హోమ్సును చూచినవారే గాని చదివినవారు కారు. చూచుట చదువుటకంటె తక్కువదని నేననను. రెండును ఒకటియే యని తలచి పరిశోధనకు పూనుకొనుట మాత్రము ప్రమాదకరము. కావున ఈ ప్రశ్నను కొంత వివరముగా పరిశీలింతును.

ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' అను నవలతో హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. ఆ తరువాత నలువదియేండ్లలో నాలుగు నవలలును, ఏబదియారు కథలును వెలువడినవి. ఈ అరువదింటిలో ఏబదియారింటిని చెప్పినవాడు డాక్టరు వాట్సను. వాట్సను మందబుద్ధి కాడు. యుద్ధమున పనిచేసి వచ్చిన వైద్యుడు, సత్యవంతుడు. హోమ్సు చూచిన గదినే అతడును చూచును, చూచినదానిని దాచక చెప్పును. కాని చూచిన వస్తువులకు పరస్పరమున్న సంబంధము అతనికి తోచదు. అందుచేత పాఠకునికి వస్తువులన్నియు అందును, సూత్రము మాత్రము అందదు. రచయిత అబద్ధమాడకయే రహస్యమును కాపాడగలుగుచున్నాడు. ఈ ప్రక్రియకు వాట్సను అలంకారము కాడు, ఆధారము.

దీనికి నిదర్శనము డాయిల్ రచనలయందే కలదు. వాట్సను చెప్పని కథలు నాలుగు. వానిలో 1926 నాటి రెండు కథలను హోమ్సు స్వయముగా చెప్పును. తనకు తెలిసినదానిని తానే దాచుకొనుచు కథ నడపవలసి రాగా హోమ్సు కథనము ఇబ్బంది పడినది. ఆ కథలలో అతడు వాట్సను లేని లోటును తలచుకొనును. మిగిలిన రెండింటిలో ఒకటి 'ది మజరిన్ స్టోన్'. ఇది మొదట నాటకము, పిమ్మట కథ. ఇందు వాట్సను ఆదిని, అంతమున మాత్రమే కనిపించును. కథనము ప్రథమపురుషలో సాగును. ఇది దృశ్యమునకై పుట్టిన వస్తువు. దృశ్యమునకు వాట్సను కథనము అక్కరలేకపోయినది. అది శ్రవ్యమునకు మరలినప్పుడు ఆ లోటు పూడలేదు. హోమ్సు కథలలో ఇది బలహీనమైనదను విమర్శ తరచుగా వినబడుటకు కారణము ఇదియే కావచ్చును.

ఇక దృశ్యరూపములను చూతము. 1984 మొదలు 1994 వరకు గ్రెనడా సంస్థ జెరెమీ బ్రెట్ నాయకుడుగా నిర్మించిన ధారావాహిక విక్టోరియా కాలమును, కథల క్రమమును చాలవరకు పాటించినది. 2010 – 2017 నడుమ బీబీసీ ప్రసారము చేసిన 'షెర్లాక్' ఇందుకు భిన్నమైనది. స్టీవెన్ మోఫట్, మార్క్ గేటిస్ అనువారు హోమ్సును నేటి లండనునకు తెచ్చిరి. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హోమ్సుగాను, మార్టిన్ ఫ్రీమన్ వాట్సనుగాను నటించిరి. వాట్సను నాడును నేడును ఆఫ్‌గనిస్తాన్ యుద్ధమునుండి గాయపడి వచ్చినవాడే యగుట చరిత్ర సమకూర్చిన విచిత్రమైన సౌలభ్యము.

ఈ ధారావాహిక మొదటి భాగము 'ఎ స్టడీ ఇన్ పింక్' మూలనవలను అతి చమత్కారముగా తిరుగవేసినది. మూలమున హత్య జరిగిన గది గోడమీద ఆర్, ఏ, సి, హెచ్, ఇ అను అక్షరములు రక్తముతో వ్రాసియుండును. పోలీసు అధికారి అది రేచెల్ అను పేరునకు మొదటి భాగమనును; హోమ్సు అది ప్రతీకారమను అర్థము గల జర్మను పదమని తేల్చును. తెరమీద జర్మను పదమన్నవానిని హోమ్సు తోసిపుచ్చును. అది రేచెల్ అను పేరే యగును. మూలము చదివినవాడు ఇక్కడ నవ్వును. చదువనివాడు కథను మాత్రము అనుసరించును. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో వాట్సను గడియారమును చూచి, తాళపు రంధ్రము చుట్టునున్న గీతలనుబట్టి అతని యన్న త్రాగుబోతని హోమ్సు చెప్పును. తెరమీద గడియారము సెల్‌ఫోనైనది, తాళపు రంధ్రము చార్జరు రంధ్రమైనది. హోమ్సు అన్న యని చెప్పగా, అది వాట్సను అక్కచెల్లెండ్రలో ఒకతె యని తేలును. మూలమునెరిగిన పాఠకునికే పూర్తిగా అందు ఈ హాస్యము ఒక సత్యమును చెప్పుచున్నది: ఉత్తమమైన అనుసరణ పఠనమును తొలగింపదు, దానిపై ఆధారపడును.

కాని ఇంతకంటె ముఖ్యమైన మార్పు వేరొకటి. హోమ్సు శవమును పరీక్షించునపుడు అతని మనస్సున మెదలు మాటలు తెరమీద అక్షరములై తేలును. ఉంగరము లోపల శుభ్రముగా నున్నది, వెలుపల మాసియున్నది అను విషయము వాట్సను చెవికి చేరకముందే వీక్షకుని కంటికి చేరును. అనగా మన ఆసనము మారినది. నవలలో మనము వాట్సను ప్రక్కన కూర్చుంటిమి; ఇక్కడ హోమ్సు తలలో కూర్చుంటిమి. దానివలన వేగము, ఉత్సాహము కలిగినవి. తెలియనివాని పక్షమున నిలిచి తెలిసినవానిని చూచునపుడు కలుగు ఆశ్చర్యము మాత్రము తగ్గినది.

'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' ఈ విషయమును మరింత స్పష్టము చేయును. ఆ నవలలో హోమ్సు తాను లండనులో నిలిచిపోవుదునని చెప్పి వాట్సనును డార్ట్‌మూర్ పంపును. గ్రంథమున పెద్దభాగము వాట్సను ఉత్తరములు, దినచర్య. వెన్నెలలో కొండమీద కనిపించిన అపరిచితుడెవ్వడో అతనికి తెలియదు, మనకును తెలియదు. అతడు హోమ్సే యని తేలునప్పటి ఆనందము హోమ్సు అంతవరకు కనబడకుండుటచేతనే సాధ్యమైనది. 2012లో వచ్చిన బీబీసీ రూపములో హోమ్సు మొదట వాట్సనునే పంపుదునని చెప్పి, వెంటనే తానును బయలుదేరును. నాయకుడు చాలసేపు తెరమీద లేకుండుటను ఆ ప్రక్రియ సహింపలేకపోయినది. సంఘటనలు మారుట ఇక్కడ దోషము కాదు. నాయకుని అభావముచేత నిర్మితమైన రసము పోవుటయే నష్టము.

ఇట్లనుటచేత దృశ్యము హీనమని నా తాత్పర్యము కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమును స్మరింతము. అందు గూఢచారులు, మారువేషములు, కపటలేఖలు అన్నియు గలవు. రాక్షసుని ముద్రిక చాణక్యుని చేతికి చిక్కుట మొదటి అంకముననే మనము చూతుము. తెలియనివాడు రాక్షసుడు, మనము కాము. ఏమి జరిగినదను ప్రశ్నను విడిచి, ఎట్లు జరుగునను ప్రశ్నపై ఆ నాటకము నిలిచినది. దీనికి ఎదుట పింగళి సూరన కళాపూర్ణోదయమును నిలిపినచో భేదము తేటపడును. సూరన కార్యమును ముందు చూపి కారణమును చాల దూరమున దాచెను. శ్రవ్యమగుటచేతనే అది అతనికి చెల్లినది. బీబీసీ వారు తెలిసియో తెలియకయో సూరన మార్గమునందలి వస్తువును విశాఖదత్తుని మార్గమునకు మరల్చిరి. అయితే ముద్రారాక్షసమున నాయకుని బుద్ధికి రాజ్యక్షేమమను లక్ష్యమున్నది. 'షెర్లాక్'లో బుద్ధి తన్ను తానే చూచుకొని మురియు ఘట్టములు పెక్కు. మూలనవలలో హంతకుడైన బండివాడు తాను ప్రేమించిన స్త్రీ కొఱకు, ఆమె తండ్రి కొఱకు పగతీర్చుకొన్నవాడు; అతని దుఃఖమునకు సగము గ్రంథము కేటాయింపబడినది. తెరమీది బండివాడు బిడ్డలకు సొమ్ము కూడబెట్టుటకై చంపినవాడు. ఆ భాగము పరాకాష్ఠ అతని దుఃఖము కాదు. హోమ్సు తన తెలివిని నిరూపించుకొనుటకై ఆ మాత్రను మ్రింగునా లేదా యనునది.

మన దేశమునందలి ఉదాహరణము దీనికి ప్రతిపక్షముగా నిలుచును. శరదిందు బందోపాధ్యాయ 1932 మొదలు వ్రాసిన బ్యోంకేశ్ బక్షి కథలకు చాలవరకు కథకుడు అజిత్. బాసు చటర్జీ దర్శకత్వమున 1993లో దూరదర్శన్ వానిని హిందీలో ప్రసారము చేయగా తెలుగునాట గూడ ఆదరణ లభించినది. 'సత్యాన్వేషి' కథలో కలకత్తాలోని మెస్సుకు అతుల్ అను పేరుతో ఒక యువకుడు వచ్చి అజిత్ గదిలో చేరును. అతడే బ్యోంకేశుడని పాఠకునికి చాలసేపు తెలియదు. అజిత్‌కు తెలియకపోవుటయే కారణము. తెరమీద ఆ రహస్యము నిలుచుట దుర్లభము. ధారావాహిక పేరే బ్యోంకేశునిది. ప్రధాననటుడు రజిత్ కపూర్ గదిలో అడుగిడినంతనే వీక్షకుడు గుర్తుపట్టును.

అయినను ఈ ధారావాహిక మూలమునకు దగ్గరగా తోచును. బాసు చటర్జీ పోయిన రహస్యమునకై విలపింపక, అజిత్ సాంగత్యమును నిలుపుకొనెను. కె.కె. రైనా నటించిన అజిత్ మాటిమాటికి అబ్బురపడడు. వినును, సందేహించును, ప్రశ్నించును. బ్యోంకేశుడు అతనికి వివరించుచుండగా మనము ఆ గదిలో మూడవవారమై కూర్చుందుము. తరువాత సత్యవతి వచ్చి ఆ గది గృహమగును. కథకుని అజ్ఞానము పోయినను అతని స్నేహము మిగిలినది. అనుసరణకు ఇదియు ఒక సత్యమైన మార్గము.

ఇక తెలుగు సంగతి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే వంగభాషనుండి అపరాధ పరిశోధన కథలు మనకు అనువాదములై వచ్చినవి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరము పాఠకులకు ఇంటివారైరి. రాజు పనిలో తోడు. వాట్సనువలె మిత్రుని చరిత్రను వ్రాయువాడు కాడు. కథకుని చూపుపై ఆధారపడని యుగంధర్ కథకు దృశ్యరూపము సులభతరము కావలసినది. కాని తెరమీద మన అపరాధ పరిశోధకునికి దొరికిన ప్రసిద్ధి వేరు త్రోవను వచ్చినది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారముగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్' హాస్యచిత్రము. డిటెక్టివు పట్ల మన తెరకున్న చనువు అందు కనిపించును, గౌరవము కాదు.

ఈ లోటునకు కారణము నిర్మాతలలోనే వెదకుట న్యాయము కాదు. డాయిల్ కథలు విద్యావంతుల అధ్యయనమున నిలిచినవి గనుకనే బీబీసీ వారు వానితో ఆడుకొనగలిగిరి. బ్యోంకేశుడు వంగసాహిత్య చరిత్రలో భాగమైనాడు గనుకనే బాసు చటర్జీ అతనిని నమ్మకముగా చేపట్టెను. మనము యుగంధరుని రైలుప్రయాణపు చదువుగా భావించి విశ్వవిద్యాలయ ద్వారము బయటనే నిలిపితిమి. చౌక కాగితముపై అచ్చయిన ఆ నవలలు శిథిలమైపోవుచుండగా, వాని కథనరీతిని వివరించు పని మన విభాగములది. మూలము చేతిలో లేనిదే ఏ అనుసరణను తూచుటకును రాయి దొరకదు.

కావున పరిశోధక విద్యార్థులకు నేను సూచించు పద్ధతి యిది. మొదట మూలమున ఎవరు చెప్పుచున్నారో, వారికేమి తెలియునో నిర్ణయింపుడు. పిదప తెరమీద ఆ స్థానమును ఏది ఆక్రమించినదో చూడుడు: తేలు అక్షరములా, మిత్రుని ముఖమా, కేవలము శూన్యమా? చివరకు ఆ మార్పుచేత ఏ రసము పెరిగినది, ఏది తరిగినది యని నిర్ణయింపుడు. సంఘటనల జాబితా ఆ తరువాతి మాట. ఈ పరీక్షకు తెలుగు అపరాధ పరిశోధన నవలలను గూడ లోనుచేసిననాడు, ఆ పాఠకులను మనము ఇంతకాలము ఎంత చులకనగా చూచితిమో బోధపడును.