ఇంటిపేరు: నివాసమా, అభిజనమా?

ఆంధ్రకవుల చరిత్రములు వ్రాయువారు ఇంటిపేరును బట్టి కవి నివాసగ్రామమును నిర్ణయించుట పరిపాటియైనది. ఈ పద్ధతి యెంతవరకు శాస్త్రసమ్మతమో విచారింపవలసియున్నది.

ఇంటిపేరులు బహువిధములు. ఆంగ్లదేశమున 'స్మిత్తు' అనగా కమ్మరి; ఇది వృత్తిజన్యము. ఐస్లాండు దేశమున తండ్రిపేరునకు పుత్రుడైనచో 'సన్' అనియు, పుత్రికయైనచో 'దోత్తిర్' అనియు చేర్తురు. అది 'దాశరథి' వంటి అపత్యార్థకము. కావుననే తరతరమునకు మారుచుండును. తెలుగువారిలో గ్రామజన్యములు మెండుగా గానవచ్చుచున్నవి.

వీని రూపము పరిశీలింపదగినది. కందుకూరు, వేటూరు అను గ్రామనామములు ఇంటిపేరులై కందుకూరి, వేటూరి యగును. కొండవీడు కొండవీటి యగును. ఈ ఇకార, టికారములు చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) చెప్పిన యౌపవిభక్తికములే. కందుకూరి వీరేశలింగము అనుచోట పూర్వపదము షష్ఠ్యర్థమును దెలుపుచు ఉత్తరపదము నపేక్షించుచున్నది. హంగరీ దేశీయులును ఇంటిపేరును ముందుంచి, సెగెద్ నగరమునుబట్టి 'సెగెది' యని ఇకారముతో వ్యవహరింతురు. అచట ఇకారము తద్ధితము, ఇచట విభక్తినిమిత్తకము. ఆకారసామ్యము చూచి భాషాబంధుత్వమును శంకింపరాదు.

షష్ఠి సంబంధమాత్రమును దెలుపును. ఆ సంబంధ మెట్టిది? ఇందులకు పాణినీయము దారి చూపుచున్నది. అష్టాధ్యాయి చతుర్థాధ్యాయ తృతీయపాదమున నివాసార్థమునకు ఒక సూత్రమును, అభిజనార్థమునకు వేరొక సూత్రమును గలవు. తాను వసించు చోటు నివాసము. పూర్వులు వసించిన చోటు అభిజనము. పాణినికి ప్రసిద్ధమైన 'శాలాతురీయు'డను పేరు అభిజనాధికారముననే సిద్ధించుచున్నది. శలాతురము ఆయన పూర్వుల యూరని యా పదము చెప్పును. ఆయన యచటనే వసించెనని చెప్పజాలదు.

తెలుగువారి గ్రామజన్యమైన ఇంటిపేరును ఇట్టిదే. వంశము గ్రామాంతరమునకు వలసపోయినను పేరు నిలిచియుండును. అంతియకాదు, వలసపోయిన పిమ్మటనే యట్టి పేరు సార్థకమగును. స్వగ్రామమున నందరును ఆ యూరివారే. అచట ఊరిపేరు ఒక కుటుంబమును మరియొక కుటుంబమునుండి వేరుపరుపజాలదు. పరగ్రామమున నది వ్యావర్తకము. కావున ఇంటిపేరు నివాసమునకంటె ప్రస్థానమునకే సాక్ష్యమగుట యుక్తము.

పోతన స్థలవివాదమున ఈ భేదము మిక్కిలి ముఖ్యము. బమ్మెర యను గ్రామము నేటి జనగామ జిల్లాలో గలదు. కవి యా ప్రాంతమువాడని యొక పక్షము, కడప సీమలోని ఒంటిమిట్టవాడని వేరొక పక్షము. 'బమ్మెర' యను ఇంటిపేరు వంశమూలమును సూచించును. అది తొలిపక్షమునకు అనుకూలమైన లింగమే యగును గాని నిర్ణాయకము గాదు. పూర్వుల యూరు తెలిసినంతమాత్రమున పౌత్రుని యిల్లు తెలియదు. అట్లే, కుటుంబము వలసపోయి యుండవచ్చునన్న సంభావనామాత్రమున రెండవ పక్షమును సిద్ధింపదు. ఏకశిలానగరమన నేదియో, గ్రంథస్థములైన యితరప్రమాణము లెట్టివో విమర్శించియే యీ వివాదమును దీర్పవలయును.

ఇంటిపేరు సాక్షియే, న్యాయాధిపతి గాదు. దాని వాఙ్మూలమును దాని విభక్తి యనుమతించునంతవరకే గ్రహించుట విమర్శకులకు ధర్మము.