ఇల్లు ఎంతకి అడగాలి?

పలాసలో ఇంటి బేరం దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఎంత చెబుతున్నారని మనం అడుగుతాం. "ముందు మీరేటిత్తారో సెప్పండి బావూ" అంటాడు అమ్మే పెద్దాయన. మధ్యవర్తి ఇద్దరి మొహాలూ చూసి ఒక అంకె వదులుతాడు. కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా బంధువుల బేరాల్లో కూర్చున్నప్పుడల్లా నేను గమనించింది ఒకటే. మనవాళ్లు ఇల్లు చూసి ధర కట్టరు. విన్న అంకెలోంచి కొంత కోసి, అదే ధర అనుకుంటారు. 40 లక్షలు అంటే 36కి అడుగుతారు. ఆ 36 ఎక్కడిది? ఇంట్లోంచి రాలేదు, 40లోంచి వచ్చింది.

1987లో అమెరికాలోని టూసాన్ నగరంలో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే పరిశోధకులు ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లకే ఒక ఇల్లు చూపించి విలువ కట్టమన్నారు. ఇల్లు ఒకటే, ఇచ్చిన వివరాలూ అవే. యజమాని అడుగుతున్న ధర మాత్రం ఒక్కో జట్టుకు ఒక్కోలా రాసిచ్చారు. ఎక్కువ ధర చూసినవారు ఎక్కువ విలువ కట్టారు, తక్కువ చూసినవారు తక్కువ కట్టారు. ఆ ధరను లెక్కలోకి తీసుకున్నామని మాత్రం చాలామంది చెప్పలేదు. ఆ పని మీదే బతికేవారికే అలా జరిగితే, జీవితంలో ఒక్కసారి ఇల్లు కొనే బడిపంతులు మాటేమిటి? అందుకే అవతలివారి అంకె చెవిన పడకముందే మన అంకె కాగితం మీద ఉండాలంటాను.

మన జీడి వ్యాపారిని చూడండి. 80 కిలోల బస్తా ముందు పెడితే రైతు చెప్పే ధర దగ్గర మొదలుపెట్టడు. గుప్పెడు పిక్కలు తీసి కోస్తాడు. పుచ్చు ఎంతుందో, పప్పు ఎంత దిగుతుందో చూసి అప్పుడు నోరు తెరుస్తాడు. ఇంటినీ అలాగే కోసి చూడాలి.

మొదట వీధి ధర తెలియాలి. ఈమధ్య అదే వీధిలోనో పక్క వీధిలోనో అమ్ముడైన రెండు మూడు ఇళ్లు ఎంతకి తెగాయో కొన్నవాళ్లనే అడగాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే 1983 నుంచి ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు కనబడతాయి గానీ, దస్తావేజులో ఉన్నది చాలాసార్లు ప్రభుత్వ మార్కెట్ విలువకు దగ్గరగా రాయించిన అంకె. చేతులు మారిన సొమ్ము వేరు. ఒకరు సెంట్లలో చెబుతారు, ఒకరు గజాల్లో. సెంటుకి 48.4 గజాలు; అన్నీ ఒకే కొలతలోకి తెచ్చాకే పోల్చాలి.

ఆ ధరలోంచి ఇంటి లోపాల ఖర్చు తీసేయాలి. మన తీరంలో దీనికి మంచి ప్రశ్న ఒకటుంది: తిత్లీ నాడు ఈ ఇల్లు ఎలా నిలబడింది? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ పూట రేకులు ఎగిరాయా, వాకిట్లో నీళ్లు ఎంతసేపు నిలిచాయి, ఏ గోడ తడిసింది అన్నది ఇంటివాళ్లు చెప్పకపోయినా పొరుగువాళ్లు చెబుతారు. తర్వాత శ్లాబు కింద నిలబడి పైకి చూడండి. ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టి పొంగితే సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. కొత్త సున్నం వేసిన గదిని రెండుసార్లు చూడాలి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చే సుజలధార పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. పథకం ఊరికి వచ్చినంత మాత్రాన ఈ ఇంటి కుళాయికి వచ్చినట్టు కాదు. నీళ్లు వదిలే వేళకి వెళ్లి, కుళాయి తిప్పి చూడండి.

ఉదాహరణకి వీధి ధర లెక్కన ఇల్లు 30 లక్షలు తేలిందనుకుందాం. శ్లాబు మరమ్మతుకి మేస్త్రి 2 లక్షలన్నాడు, వైరింగుకీ మోటారుకీ ఇంకో లక్ష. మిగిలింది 27. అదే మీ గరిష్ఠం. రిజిస్ట్రేషను ఖర్చు ఇందులోంచి తీయకూడదు, ఎందుకంటే పక్కింటివాళ్లూ అది విడిగానే కట్టుకున్నారు. కానీ ఆ డబ్బు చేతిలో ఉండాలి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం, 27 లక్షలకి 2,02,500 రూపాయలు. మొదటి మాట 25 దగ్గర వేసి, ఎందుకు 25 అంటున్నారో శ్లాబు చూపించి చెప్పండి. కారణం చెప్పి అడిగితే అమ్మేవాళ్లు చిన్నబుచ్చుకోరు. 27 దాటితే నమస్కారం పెట్టి లేచి రావాలి.

ఇక్కడే రేవు మాట అడ్డొస్తుంది. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగాక, టెక్కలి చుట్టుపక్కల ఏ స్థలం బేరమైనా రేవు పేరు లేకుండా సాగడం లేదు. పలాస వైపు విమానాశ్రయం మాట కలిసింది. రేవు రావాలనే నేనూ కోరుకుంటాను. ముంబయి, హైదరాబాదు పోయిన మన పిల్లలు వెనక్కి రావాలని ఎవరికుండదు? కానీ రేవు వల్ల నిజంగా ధర పెరిగితే అది వీధి ధరలో అప్పటికే చేరి ఉంటుంది. దానికి మళ్లీ విడిగా కట్టడం దేనికి? వస్తుందన్నదల్లా మన శ్రీకాకుళం జిల్లాకి రాలేదు. సోంపేట బీల చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం అన్నారు. అది వద్దన్నవారి మీద 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, కేంద్రం రాలేదు. రేపటి ఆశకి ధర కట్టే స్తోమత వ్యాపారికి ఉంటుందేమో, తలదాచుకోను ఇల్లు కొనేవాడికి ఉండదు.

కాగితాల విషయంలో ఒక్క మాట. తాతల నాటి ఇల్లయితే ఆడపిల్లల సంతకాలు కావాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో వచ్చిన హక్కు తండ్రి అప్పటికి బతికున్నా లేకపోయినా కూతురికి ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మేవారి అక్క ఖరగ్‌పూర్‌లో ఉంటే ఆమె వచ్చి సంతకం పెట్టేదాకా మీ ధర మాట ధరే, బయానా ఇవ్వొద్దు. సగం తెల్లగా, సగం నగదుగా అనే బేరానికి అసలు ఒప్పుకోకండి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే అమ్మినవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. కొన్నవారికి కాగితంలో లేని సొమ్ము మీద బ్యాంకు అప్పు పుట్టదు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. ఉద్దానంలో కొన్ని ఇళ్లు అమ్మకానికి రావడానికి కారణం కిడ్నీ రోగం. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, డయాలసిస్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తున్నారు. అయినా వారానికి రెండు మూడు రోజులు యంత్రం దగ్గర గడిపే మనిషి తోట పనికి వెళ్లలేడు. తోడు వెళ్లినవారి కూలి పోతుంది. పాత అప్పులు అలాగే ఉంటాయి. మధ్యవర్తి మన చెవిలో వేస్తాడు: "ఆళ్లకి అర్జంటండీ, మరో మూడు తగ్గించి అడగండి." ఈ మాట విని తగ్గించి అడిగినవారిని చూశాను. అది బేరమని నేను ఒప్పుకోను. 27 అని తేల్చింది ఇంటిని చూసి. ఆ ఇంటి యజమాని ఒంట్లో క్రియాటినిన్ పెరిగితే శ్లాబు బలం తగ్గదు, కుళాయిలో నీళ్లు తగ్గవు. రేవు వస్తుందని పైసా పెంచనివారు, రోగం వచ్చిందని పైసా తగ్గించకూడదు.

అలాంటి ఇంటి బేరానికి మీరు వెళ్లాల్సి వస్తే ధర మీద కాకుండా గడువు మీద మాట్లాడండి. వాళ్లకి కావలసింది డబ్బు త్వరగా అందడం. ఈసీ, లింకు డాక్యుమెంట్లు మీరే ముందుగా తీయించుకోండి. బ్యాంకు అప్పు కాగితాలు సిద్ధం చేసుకున్నాకే మాట ఇవ్వండి. మూడు నెలల గడువు అడగాల్సిన చోట మూడు వారాల్లో రిజిస్ట్రేషను ముగించి, మొత్తం వారి బ్యాంకు ఖాతాలో వేయండి.