నెహెమ్యా కోపము: 5, 13 అధ్యాయముల పరిశీలన

నాయకత్వమును గూర్చిన మన పుస్తకాలలోను, పాస్టర్ల సెమినార్లలోను నెహెమ్యాను భావోద్రేకములను అదుపులో ఉంచుకొన్న నాయకునిగా చూపుట పరిపాటి. అయితే ఈ బోధ సాధారణముగా 5వ అధ్యాయముతో ఆగిపోతుంది. 13వ అధ్యాయమును కూడా చదివినప్పుడే ఆ మాదిరి విలువ, దాని హద్దు తెలుస్తాయి.

5వ అధ్యాయములో బీదలు తమ పొలములను తాకట్టుపెట్టి, బిడ్డలను దాసత్వమునకు అప్పగించవలసి వచ్చిందని మొరపెట్టుకొన్నారు. నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చింది (5:6). ఆ కోపమును గ్రంథము తప్పుపట్టలేదు. కాని ప్రధానులతో మాట్లాడకముందు ఆయన తన హృదయముతో ఆలోచన చేశాడు (5:7). ఇక్కడి హీబ్రూ క్రియ ఈ రూపములో పాత నిబంధనలో మరెక్కడా లేదు. ‘ఆలోచన’ అను అర్థముగల అరామిక్ పదముతో దీనికి సంబంధమున్నదని పలువురు పండితుల అభిప్రాయము. కాబట్టి ఇది కోపమును దిగమింగుట కాదు, దానిని విచారణకు లోపరచుట. ఆ విచారణ ఫలము 10వ వచనములో కనబడుతుంది: తాను, తన బంధువులు, తన పనివారు కూడా అప్పులిచ్చుచున్నవారేనని సభ ఎదుట చెప్పి, ఇది మానివేయుదమని కోరాడు. ప్రధానులు ఒప్పుకొన్నారు, ఇచ్చిన మాట ప్రకారము చేశారు (5:12-13).

13:25 నాటి సంగతి వేరు. అర్తహషస్త 32వ ఏట (క్రీ.పూ. 433) రాజునొద్దకు వెళ్లి, తిరిగి వచ్చిన తరువాత జరిగినది ఇది. అన్యస్త్రీలను వివాహమాడినవారితో ఆయన వాదించి, శపించి, కొందరిని కొట్టి, వెండ్రుకలు పెరికి, వారిచేత ప్రమాణము చేయించాడు. ‘వాదించుట’కు వాడిన క్రియ 5:7లోనిదే. హృదయముతో చేసిన ఆలోచన మాత్రము ఇక్కడ చెప్పబడలేదు. వారు ఆ ప్రమాణమును నిలుపుకొన్నట్లు కూడా వ్రాయబడలేదు.

ఇదే సమస్య ఎదురైనప్పుడు ఎజ్రా తన వెండ్రుకలనే పెరుకుకొన్నాడు (ఎజ్రా 9:3). రెండు చోట్ల క్రియ ఒక్కటే, తల మాత్రము వేరు. ఎజ్రా దుఃఖమును చూచి జనులు తామే ఏడ్చుచు కూడి వచ్చారు. అయినను ఆ దుఃఖము చివరకు భార్యలను, పిల్లలను వెళ్లగొట్టు తీర్మానమునకు దారితీసినది. కనుక నాయకుని కన్నీరు సహితము పరీక్షింపబడవలసినదే.

నెహెమ్యాది రోషమే గదా అని కొందరు అందురు. ఆయన ఉద్దేశమును ఎవరును శంకించనక్కరలేదు. కాని ఆయన రాజు నియమించిన అధికారి. దెబ్బలు తిన్నవారు ఎదురు చెప్పగల స్థితిలో లేరు. సంఘ కూటములో పెద్దలమీద కేకలు వేసి, తరువాత నెహెమ్యా రోషమును ఉదహరించు కాపరి గమనించవలసినది ఈ సంగతినే. జరిగినదానిని గ్రంథము వ్రాసినంత మాత్రమున దానిని మాదిరిగా నియమించినట్లు కాదు.

కోపము వచ్చిన కాపరి కమిటీని పిలువకముందు 5వ అధ్యాయమును అనుసరించి రెండు సంగతులు విచారించుకొనుట మేలు: ఈ తప్పిదములో నా పాలు ఏమైనా ఉన్నదా? ఎదుటివారు జవాబు చెప్పుటకు నేను తావిచ్చుచున్నానా?